ఆసనము క్రింది చాప

గడచిన జూన్ 22వ తేదీ ఉదయమున మేము నాగారములో నొక మైదానము ప్రక్కగా నడచిపోవుచు చెత్తకుండీకడ నాగితిమి. ముందుదినము అచ్చట యోగదినోత్సవము జరిగియుండెను. పిల్లలు, ఉద్యోగులు, గృహిణులు, వృద్ధులు తెల్లవారుజామునకే చేరి వరుసలుగా నిలిచి ఆసనములు వేసిరి. వారి క్రింద పఱచుటకై ఉచితముగా పంచిన నీలిరంగు పలుచని చాపలు మఱునాటికి కుండీలోను, కుండీచుట్టును, మురుగుకాలువ గట్టునను చుట్టలు చుట్టలుగా పడియున్నవి. కొన్నింటిని కుక్కలు చీల్చినవి. చెత్త ఆటో వచ్చినది. కార్మికు లిద్దఱు వానిని పైకి విసరివైచిరి. ఒక గంటసేపు పనికివచ్చిన వస్తువు! అది చేరుచోటు నాగారమువారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు. గాలి ఉత్తరమునుండి వీచినపుడు తలుపులు మూసికొనువారు వారే గదా.

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న జూన్ 21ని అంతర్జాతీయ యోగదినముగా ప్రకటించినది. 2015లో తొలి ఉత్సవము ఢిల్లీలో, నేడు కర్తవ్యపథ మనబడుచున్న రాజపథమున జరిగినపుడు 35,985 మంది యొక్కచోట ఆసనములు వేసిరని గిన్నెసు పుస్తకమువారు లెక్కించిరి. అది మొదలు ఏటేట ఆసనములను గుఱించి వ్రాయువారు వేలకొలది బయలుదేరిరి. ఆసనము క్రింది చాపను గుఱించి వ్రాయువారు మాత్రము దానిని అమ్మువారు తప్ప మాకు కనబడలేదు. అల్పవిషయమని కొందఱు నవ్వవచ్చును. మేమును కొంతకాలము క్రిందటివఱకు అట్లే తలచితిమి.

మా వీధిలో నుండు విశ్రాంతోపాధ్యాయు లొకరు, అఱువదియెనిమిదేండ్లవారు, ఆ పంచిన చాపలలో నొకటి యింటికి తెచ్చికొని వసారాలో పఱచిరి. వసారాకు అద్దమువలె నునుపైన టైల్సు. వీరభద్రాసనమునకై కాళ్లు ఎడముగా చాచినంతనే చాపయే వెనుకకు జాఱినది. ఆయన ముందునకు పడి కుడిచేతి మణికట్టు విఱుగగొట్టుకొనిరి. ఆఱు వారములు కట్టు వేసిరి. మేము పరామర్శింప వెళ్లినపుడు ఆయన భార్య మంచినీళ్లిచ్చుచు, "పేపర్ల గన్ని రాస్తరు గదా తమ్మీ, ఏ చాప కొనాల్నో గదొక్కటి రాయరాదె?" అని యడిగినది. ఆ మాటకు జవాబు చెప్పబూని మేము కొన్ని పుస్తకములు తిరుగవేసితిమి, కొన్ని దుకాణములు తిరిగితిమి. తెలిసినది చదువరులకు నివేదించుచున్నాము.

పూర్వులు చాప విషయమై ఆలోచింపలేదనుట సరికాదు. భగవద్గీత ఆఱవ యధ్యాయమున, ఆసనము వేయు చోటు శుచిగా నుండవలెననియు, ఆసనము మిక్కిలి యెత్తుగా గాని మిక్కిలి పల్లముగా గాని యుండరాదనియు, దర్భలపై చర్మమును దానిపై వస్త్రమును పఱవవలెననియు చెప్పబడినది. ఘేరండసంహిత దర్భాసనమును, జింకతోలును, పులితోలును, కంబళిని, తుదకు వట్టినేలను గూడ అంగీకరించినది. ఇందు తోళ్లమాట నేడు తలపెట్టరాదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే అది నేరమైనది. తాతలనాటి కృష్ణాజినము అటకమీద నున్నదని చుట్టములకు చూపి మురియువారు, ధ్రువపత్రము లేక దానిని ఉంచుకొనుటయు నేరమేయని తెలిసికొనుట మంచిది. ఇక కంబళి యన్నచో మన గొంగడియే గదా. దక్కను గొఱ్ఱెల నల్లని యున్నిని వడికి, నేసి, చింతగింజల గంజి పట్టించి కురుమలు తయారుచేయు గొంగడి మన రైతునకు చలికి దుప్పటి, వానకు గొడుగు, కల్లమువద్ద పడక. ధ్యానమునకు కూర్చుండువానికి దానిని మించిన పీఠము దుకాణములలో దొరకదని మా యభిప్రాయము. గరుకుగా నుండుటచే అది బండనేలపై కదలదు. కఱచుచున్నదనువారు పైన నొక నూలుగుడ్డ వేసికొందురు గాక.

అయినను ఇవన్నియు కూర్చుండువానికై యేర్పడినవి. నిలిచి, వంగి, చేతులు నేలకానించి శరీరపు బరువునంతటిని అఱచేతులమీదను మునివ్రేళ్లమీదను మోపు అభ్యాసములు నేడు వాడుకలోనున్నంత విరివిగా నిలుకడ పొందినది ఇరువదవ శతాబ్దమున. 1933లో మైసూరు జగన్మోహన ప్రాసాదమున తిరుమల కృష్ణమాచార్యులవారు నడపిన యోగశాలయు, వారికడ నేర్చిన బి.కె.ఎస్. అయ్యంగారు, పట్టాభి జోయిసు మొదలగువారును ఇందుకు ముఖ్యకారకులు. వారు గాని వారి తొలి శిష్యులు గాని రబ్బరుచాప నెఱుగరు. మడచిన కంబళియో, నూలు జంబుఖానాయో, లేకున్న నేలయో. ఆనాటి మన నేలలును వేఱు. పేడతో అలికిన మట్టియు, గచ్చును, తాండూరు బండయు పాదమునకు పట్టు నిచ్చెడివి. నేటి అపార్టుమెంటులలోని మెఱుగుటైల్సుపై పొడిపాదముతో నడచుటయే సాహసము. చెమటపాదముతో వీరభద్రాసన మనగా చెప్పనేల?

జాఱని చాప పుట్టిన కథ వినదగినది. ఆంజెలా ఫార్మరు అను ఆంగ్లవనిత అయ్యంగారి శిష్యురాలు. చిన్ననాట జరిగిన యొక శస్త్రచికిత్సవలన ఆమె చేతులకును కాళ్లకును చెమట పట్టెడిది కాదు. పొడి అఱచేయి నేలపై నిలువక జాఱెడిది. 1960ల చివర జర్మనీలోని మ్యూనిక్కు నగరమున యోగపాఠములు చెప్పుచుండగా, తివాచీ నేలపై జరుగకుండుటకై దాని క్రింద వేయు మెత్తని అంటుడుపొర యామె కంటబడినది. అచ్చటివారు దానిని కార్పెట్టు అండర్‌లే యందురు. అందు ఒక ముక్క కత్తిరించి, దానిపై చేతులానించి చూచినది. చేయి నిలిచినది. ఆ ముక్కను లండనునకు తెచ్చుకొనగా తోడివారందఱును అడుగసాగిరి. తుదకు ఆమె తండ్రి జర్మను కర్మాగారమువారితో మాటలాడి ఆ పొరను తెప్పించి అమ్మజొచ్చెను. నేడు లోకమంతట కోట్లకొలది చేతులలో చుట్టగా కనబడు యోగా మ్యాటునకు మూలపురుషుడు తివాచీ క్రింది యస్తరు!

ఈ సంగతి చదివినప్పటినుండి మాకొక యూహ వదలుట లేదు. అస్తరు పైకి వచ్చినది, తివాచీ మాయమైనది. మనకడ తివాచీయు జంబుఖానాయు నేయువారు నూఱుమైళ్ల లోపలనే యున్నారు. అస్తరును దాని చోటున క్రిందనే యుంచి, పైన మన నూలు జంబుఖానాను పఱచినచో నేమి? దీనికి మరల వత్తుము. ముందు దుకాణములో దొరకు సరుకు సంగతి చూతము.

ఉప్పలు, నాచారము ప్రాంతములలో మేము కొన్ని క్రీడాసామగ్రి దుకాణములకు వెళ్లితిమి. ఒకచోట దుకాణదారు, "మందముంటెనే మంచిది సార్, మెత్తగ ఉంటది, మీ ఏజుకు గిదే కరెక్టు" అని యొక పరుపువంటి దానిని మా ముందు విప్పెను. అది పన్నెండు మిల్లీమీటర్లు. మేము దానిపై ఒంటికాలిమీద వృక్షాసనమున నిలువబోగా పాదము అందులో దిగబడి చీలమండ అటునిటు ఊగినది. మెత్తదన మొక గుణమే కాని, అది పరుండువానికి గుణము, నిలుచువానికి దోషము. నాలుగు మిల్లీమీటర్ల మందము చాలినది. మోకాలినొప్పి గలవారు ఆఱు వఱకు పోవచ్చును. అంతకు మించి మెత్తదనము కావలసినపుడు మోకాలి క్రింద మాత్రము దుప్పటి మడచి పెట్టుకొనుట మేలు. మణికట్టుకును చీలమండకును కావలసినది గట్టినేల. వయస్సు మీఱినకొలది ఈ మాట మఱింత నిజము. దుకాణదారు దీనికి సరిగా విపర్యయముగా చెప్పెను.

పొడవు విషయమున గూడ మోసపోవువారు పెక్కుమంది. అంగడిలో సాధారణమైన చాప 173 సెంటీమీటర్ల పొడవును 61 సెంటీమీటర్ల వెడల్పును గలది. ఐదడుగుల యెనిమిదంగుళములకు మించినవాడు శవాసనమున పడుకొన్నచో తలయో మడమయో నేలమీదనే. తన పొడవునకు జానెడు కలుపుకొని కొలిచి కొనవలెను.

ఇక పదార్థము. నాలుగైదు రకములు కలవు. చవుకలో చవుక ఇ.వి.ఎ. యను నురుగు ప్లాస్టిక్కు. మైదానమున పంచినవి అవియే. దూదివలె తేలికగా నుండును, నునుపునేలపై దూదివలెనే ఎగిరిపోవును. నొక్కిన వ్రేలిగుర్తు నిలిచిపోవును. దానిని కొనుటకంటె నేలమీద చేయుట నయము. తరువాతిది పి.వి.సి. ఇది బరువైనది, పట్టుగలది, ఏండ్ల తరబడి మన్నునది. చాలకాలము జాఱనిచాప యనగా ఇదియే. కాని పి.వి.సి. స్వభావముచే గట్టిది, దానిని మెత్తబఱచుటకు థాలేటులను రసాయనములను కలుపుట వాడుక. వీనిలో కొన్నింటిని చిన్నపిల్లల యాటబొమ్మలలో వాడరాదని యూరోపియను యూనియనువారు 1999లో తాత్కాలికముగాను 2005లో శాశ్వతముగాను నిషేధించిరి. పసిబిడ్డ నోటబెట్టుకొను బొమ్మకును పెద్దవాడు కాలుమోపు చాపకును భేదము కలదు, నిజమే. ఐనను శవాసనము నుండి లేచి బోర్లపడుకొని ముక్కు చాపకానించి శ్వాస పీల్చువారమును మనమే. కావున విప్పినంతనే ఘాటువాసన కొట్టు చాపను, ఎంత తగ్గింపు ధర కిచ్చినను, కొనకుండుట మంచిది. థాలేటులు లేవని స్పష్టముగా వ్రాసియున్న దానినే కొనవలెను.

ప్రసంగవశమున ఒక వింత. ప్లాస్టిక్కు నురుగును ఉబ్బించుటకు అజోడైకార్బనమైడు అను రసాయనమును వాడుదురు. అదే పదార్థము అమెరికాలో రొట్టెపిండిని బాగుచేయుటకును వాడుకలో నుండెను. 2014లో ఇది రట్టుకాగా, పేరుమోసిన యొక రొట్టెల సంస్థ యోగాచాప రసాయనమును మేము తినిపింపబోమని జనులకు మాట యివ్వవలసివచ్చినది. చాపను తినువారు లేకున్నను, తిండియే చాపయగు కాలము వచ్చినదని కొందఱు పరిహసించిరి.

టి.పి.ఇ. యను మఱియొక రకము కలదు. దానిపై ఆకుపచ్చ ఆకుబొమ్మయు, ప్రకృతికి హితమను వ్రాతయు నుండును. ఇందు క్లోరిను లేదు, అది మెచ్చదగినదే. ఐనను ఇదియు చమురునుండి పుట్టిన ప్లాస్టిక్కే. ఆకుబొమ్మ చూచి దానిని చెట్టు కాయించిన దనుకొనరాదు. చెట్టు కాయించినది సహజరబ్బరు. మన దేశమున కేరళ, త్రిపురలలో పండునది. పట్టులో దీనికి సాటి లేదు. బరువు రెండు కిలోలకు పైబడును. చంకన పెట్టుకొని ఉద్యానమునకు నడచువారికి భారము. కొందఱి శరీరమునకు రబ్బరుపాలలోని మాంసకృత్తులు సరిపడక దద్దుర్లు లేచును. రబ్బరు చేతితొడుగులు పడనివారు దీనిజోలికి పోరాదు.

దేనిని కొన్నను దుకాణములో చేయవలసిన పరీక్ష యొక్కటే. చాపను గాజుబల్లమీద కాక, దుకాణపు నేలమీద పఱపించి, చెప్పులు విడిచి, గోడను పట్టుకొని, రెండుకాళ్లు ఎడముగా పెట్టి నెట్టి చూడుడు. చాప నేలను విడిచినచో అది యొక దోషము. పాదము చాపను విడిచినచో అది వేఱొక దోషము. పిమ్మట అఱచేయి కొంచెము తడిచేసి చాపమీద నొక్కి తోయుడు. పొడిగా నున్నపుడు జిగురువలె పట్టిన చాప చెమట తగిలినంతనే సబ్బుబిళ్ల యగుట తఱచుగా జరుగును. మన హైదరాబాదు ఏప్రిలు, మే నెలలలో ఆసనములు వేయువాని చాప పొడిగా నుండు నిమిషము లెన్ని?

ఇచ్చటనే నూలుచాప మేలు బయటపడును. నూలు చెమటను పీల్చును. తడిసినకొలది పట్టు పెరుగును. మైసూరు పద్ధతిని అభ్యసించువారు అందుకే రబ్బరుపై నూలు జంబుఖానా వేసి, దానిపై నాలుగు నీళ్లు చిలుకరించి మొదలుపెట్టుదురు. అట్టి జంబుఖానాలకు మన వరంగల్లు ప్రసిద్ధి. అచ్చటి తివాచీలు 1851లో లండను మహాప్రదర్శనమునకు పోయినవి. ఆ నగరపు కేంద్రకారాగారమున ఖైదీలు నేసిన జంబుఖానాలకు గూడ చాలకాలము మంచి పేరుండెను. ఆ కారాగారమును 2021లో తొలగించిరి. వరంగల్లు జంబుఖానాకు 2018లో భౌగోళికగుర్తింపు లభించినది. అనగా ఆ పేరు పెట్టి వేఱొకచోటి సరుకును అమ్ముట చట్టవిరుద్ధము. కొత్తవాడలో నేటికిని మగ్గములు ఆడుచున్నవి. గుర్తింపు కాగితము మగ్గముగోడకు వ్రేలాడినంతమాత్రమున నేతగాని కంచములోనికి అన్నము రాదు, కొనువాడు రావలెను. పెండ్లిండ్లకు ప్లాస్టిక్కు పట్టాలు పఱచుచు, ఇండ్లలో పరుపుమంచములు వేయుచున్న యీ కాలమున జంబుఖానాకు క్రొత్తపని యేదని అడుగువారికి, ప్రతి యుదయము లక్షలాది జనులు నేలమీద కూర్చుండుచున్నారని చూపవచ్చును.

నూలుచాప దోషములు చెప్పకున్న మా మాట వ్యాపారి మాట యగును. టైల్సుపై దానిని ఒంటిగా పఱచినచో అది ఆ నీలిచాపకంటెను వేగముగా జాఱును. మా ఉపాధ్యాయులవారికి జరిగినది మఱియొకరికి జరుగరాదు. కావున క్రింద పొర తప్పదు. తివాచీల దుకాణములలో జల్లెడవంటి రబ్బరుపొర గజముల లెక్కన అమ్ముదురు. జంబుఖానాకంటె రెండంగుళములు తక్కువగా కత్తిరించి వేసికొనవలెను. ఉన్న పాత మ్యాటు పట్టుగలదైనచో అదే చాలును. ఇట్లు చేసిన తివాచీ క్రింది పొర తివాచీ క్రిందికే చేరినట్లగును. మొదటి ఉతుకులో నూలు కొంత కుదియును గనుక నాలుగంగుళములు పొడవుగా నేయించుకొనవలెను. రంగు దిగుటయు కద్దు. తెల్లబట్టలతో నానవేసినచో ఇంటిలో యోగశాంతి భంగమగును.

ఇక సంరక్షణ. ఇందు మేము స్వానుభవముచే నేర్చిన పాఠము మొదట చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట మేమొక మంచి రబ్బరుచాప కొని, చెమటవాసన పోవలెనని మేనెలలో డాబామీద ఎండబెట్టి మఱచిపోయితిమి. నాలుగుదినముల తరువాత మడవబోగా అంచు పెళుసై పగులుచూపినది. ఆ వేసవి ముగియునప్పటికి నల్లని పొడి రాలసాగినది. ఎండలోని అతినీలకిరణములును, వేడిమియు, గాలిలోని ఓజోనును రబ్బరుయొక్క లోకట్టును త్రెంపివేయును. కావున రబ్బరును నీడన, గాలి తగులుచోట దండెముమీద వేసి ఆఱబెట్టవలెను. కారులో వెనుకసీటున పడవేసి తాళము వేసిపోవుటయు డాబామీద పెట్టుటయు ఒకటే. జంబుఖానా విషయము దీనికి తలక్రిందులు. దానికి మండుటెండయే వైద్యుడు; రంగు వెలయునని భయమున్నచో తిరగవేసి ఎండబెట్టినచో సరి.

రబ్బరునకు రెండవ శత్రువు నూనె. మన యిండ్లలో దీనిని ఎవ్వరును తలపరు. తలంటుకొన్న నాటి యుదయమున నూనెజుట్టుతో శవాసనము, మోకాళ్లకు నొప్పితైలము మర్దించుకొని వెంటనే వజ్రాసనము! నూనె పట్టిన రబ్బరు ఉబ్బి, జిగటయై, పట్టు విడుచును. ముందు ఆసనములు, పిమ్మట అభ్యంగనము అను వరుస పాటించినచో చాపకును మేలు, స్నానమునకును మేలు. తప్పనిసరియైనచో నూనెపడుచోట నొక తువాలు వేసికొనవలెను.

తుడుచుటలో అతి పనికిరాదు. గోరువెచ్చని నీటిలో రెండుచుక్కలు మృదువైన సబ్బునీరు కలిపి, మెత్తని గుడ్డ ముంచి పిండి, రెండువైపుల తుడిచి, వట్టినీటి గుడ్డతో మరల తుడిచినచో చాలును. వారమునకొకసారి ఇట్లు చేయవలెను; చెమట విశేషముగా పట్టువారు ప్రతిదినము తడిగుడ్డతో తుడిచికొనవలెను. బట్టలుతుకు యంత్రములో రబ్బరుచాపను వేసి పాడుచేసికొన్నవారిని మేమెఱుగుదుము. తొట్టిలో నానవేయుటయు తగదు. రంధ్రములుగల చాప నీరు పీల్చి లోపల ముక్కిపోవును. పాయఖానా కడుగు మందులు, బ్లీచింగు దాని దరిచేరరాదు. క్రొత్తచాప తొలిదినములలో జాఱుచున్నదని దుకాణమునకు పరుగెత్తనక్కఱలేదు. తయారీలో మిగిలిన పలుచని పొర నాలుగుసారులు తుడిచి వాడునప్పటికి పోవును.

తడిచాపను చుట్టిపెట్టుట మాత్రము క్షమింపరాని తప్పు. తామర మొదలగు చర్మరోగములకు కారణమగు బూజు చెమ్మను, వెచ్చదనమును, చీకటిని కోరును. చుట్టిన తడిచాపలో ఈ మూడును కలవు. మన యిండ్లలో అతిథికి చాప వేయుట మర్యాదయే గాని, ఆసనములు వేయు చాప నొకరిది వేఱొకరికి ఇచ్చుట మర్యాదక్రింద లెక్కపెట్టనక్కఱలేదు. దువ్వెనవలె, తువాలువలె ఎవరిది వారికే యుండవలెను. శిక్షణశాలలలో పదిమంది వాడిన చాపనే వాడవలసివచ్చినచో పైన మన యింటి నూలుగుడ్డ పఱచుకొందము. ఇందు మొగమాట మక్కఱలేదు.

చుట్టునపుడు పైవైపు వెలుపలికి వచ్చునట్లు చుట్టినచో మరల పఱచినపుడు అంచులు పైకిలేవక నేలకంటుకొనియుండును. లేచిన యంచు కాలికి తగిలి పడినవారు, జాఱి పడినవారికంటె తక్కువ కారు.

ఎంత కాపాడినను చాప ఒకనాటికి అరిగిపోవును. మడమలచోట గుంటలు పడి పొడి రాలునపుడు దానిని మార్చవలసినదే. అపుడు పాతదానిని ఏమి చేయుదము? ప్రశ్న నాగారమున పుట్టినది గనుక నాగారముననే జవాబు వెదకితిమి. మా వీధికి వచ్చు పాతసామాను కొనువాడు ఇనుము, అట్టలు, సీసాలు తీసికొనెను. చాపను చేతబట్టి, "గిది ఎవ్వరు తీస్కోరు సార్" అని తిరిగి యిచ్చెను. చెత్త ఆటోలో వేసినచో అది జవహర్‌నగరునకు పోవును. మహానగరపు చెత్త యేండ్ల తరబడి అచ్చట గుట్టలైనది. సుమారు కోటి యిరువది లక్షల టన్నుల పాతచెత్తను ఎత్తివేయ వీలులేక, పొరలు కప్పి, మట్టిపోసి, గడ్డి మొలిపించిరి. ఆ గుట్టల ఊటనీరు మల్కారము చెఱువును చెఱచినది. దమ్మాయిగూడ, నాగారము వాసులు వాసనకై మొఱపెట్టుకొనని సంవత్సరము లేదు. చెత్తను కాల్చి విద్యుత్తు తీయు కర్మాగారము 19.8 మెగావాట్ల శక్తితో 2020లో అచ్చట సిద్ధమైనది. పి.వి.సి.ని కాల్చినపుడు హైడ్రోక్లోరిక్కు ఆమ్లపు ఆవిరియు, కాల్చుట సరిగా జరుగనిచో డయాక్సినులను విషములును పుట్టును. కావుననే కర్మాగారములలో పొగగొట్టములకు కట్టుదిట్టము లేర్పఱుతురు. వీధిచివర చలిమంటలో చాపముక్క వేయువానికి ఆ కట్టుదిట్టములు లేవు. అది వాని యూపిరితిత్తులతో ప్రారంభమై ప్రక్కయింటి పసిబిడ్డవఱకు పోవును.

పల్లెలయందు భూములు గల మా చదువరులు పాతచాపను ఊరికి తీసికొనిపోవుట మేలు. ట్రాక్టరు ఇనుపసీటుపైన, వీపున మోయు స్ప్రేయరు పట్టీల క్రింద, మోటారుపంపు అదురు తగ్గుటకు దాని పీట క్రింద, పట్టణములోనైనచో మిక్సీ క్రింద, బియ్యపుడబ్బా క్రింద అది మఱి పదేండ్లు పనిచేయును. ఇదంతయు తాత్కాలికోపశమనమే. అసలు కొనునపుడే దాని చావును తలచుకొనవలెను. నూలు జంబుఖానా ముందు గోనెపట్టాయై, పిమ్మట తుడుపుగుడ్డయై, తుదకు మట్టిలో మట్టియై పోవును. దానికై జవహర్‌నగరున చోటు వెదకనక్కఱలేదు.

ఇందు నూలొక్కటే మార్గమని మేమనము. అస్సామున గౌహతి చెంతనున్న దీపోర్ బీలు అను చెఱువును గుఱ్ఱపుడెక్క కప్పివేయుచుండెను. 2021లో అచ్చటి బెస్తవాడలలోని ఆఱుగురు యువతులు ఆ తీగలను కోసి, ఎండబెట్టి, మగ్గముమీద నేసి, మట్టిలో కలిసిపోవు యోగాచాపను తయారుచేసిరి. కేంద్రప్రభుత్వపు శాస్త్రసాంకేతిక శాఖకు చెందిన సంస్థ వారికి తోడ్పడినది. చెఱువున సంచరించు నీటికోడి పేరనే దానికి మూర్‌హెన్ చాపయని పేరిడిరి. మన కాప్రా చెఱువును, ఉప్పలు నల్లచెఱువును ఎన్నిమారులు గుఱ్ఱపుడెక్క కప్పలేదు? దానిని యంత్రములతో తీయించుటకు ప్రతిసారియు సొమ్ము పోయుదుము. తీసినదానిని గట్టుమీద కుళ్లనిత్తుము. తుంగతో చాపలల్లు చేతులు మన పల్లెలలో ఇంకను మిగిలియున్నవి. పురపాలకులు ఆ చేతులను ఆ తీగలను ఒకచోట చేర్చి చూచినచో ఖర్చు పెద్దది కానేరదు.

మా యూహను పరీక్షింపక వ్రాయుట న్యాయము కాదని మేము వరంగల్లు పోయి కొత్తవాడలో నొక నేతగాని యింట కూర్చుంటిమి. జంబుఖానా కావలెననగా ఆయన, "పెండ్లికా, పడకకా, నమాజుకా?" అని యడిగెను. యోగాభ్యాసమునకంటిమి. ఒక నిమిషమాలోచించి, "మనిషి ఎంత పొడుగుంటడు?" అనెను. ఇన్ని దుకాణములు తిరిగితిమి గాని అంతవఱకు ఆ ప్రశ్న వేసినవా రెవ్వరును లేరు. ఐదడుగుల నాలుగంగుళములని ఉపాధ్యాయులవారి కొలత చెప్పితిమి. జానెడు కలిపి, కుదియుటకు నాలుగంగుళములు కలిపి, పుస్తకమున వ్రాసికొని, అంచు గట్టిగా కొట్టెదనని చెప్పెను.

చేతికట్టు విప్పిన వారమునకు చాప వచ్చినది. క్రింద జల్లెడపొర వేసి వసారాలో పఱచితిమి. ఆయన భార్య ముందుగా తానే దానిపై నిలిచి, మడమతో రెండుమార్లు తన్నిచూచి, చాపను గోడప్రక్కకు జరిపించినది. గోడ పట్టుకొననిదే వీరభద్రాసనము వేయరాదని యామె ఆజ్ఞ. ఉపాధ్యాయులవారు మా వంక చూచి గోడమీద చేయి వేసిరి.